ఏడో సూది

గుడియాత్తంలో కలైయరసి సూదులు ఎంచే సంగతి తెలియని వాళ్ళు ఆ వీధిలో లేరు. వంటింటి తలుపు పక్కన మేకుకి అరచెయ్యంత గుడ్డ దిండు ఒకటి వేలాడతా ఉంటాది. దాంట్లో ఏడు సూదులు. పని మొదలుపెట్టేటప్పుడు ఏడు ఎంచుతాది, పని ముగించినాక ఏడు ఎంచుతాది, ఆ పైనే చేతులు కడుక్కోని అన్నం గిన్నె మూత తీస్తాది. మొగుడు జెబరాజ్ షేర్ ఆటో తోలే మనిషి, నోరు ఊరుకోదు. "పొద్దన్నే ఇంకోసారి ఎంచు, రాత్రికి పిల్లలు పెట్టినాయేమో" అని ఎగతాళి చేస్తా ఉంటాడు. ఇరవై ఏండ్లుగా అదే ఎగతాళి. ఆమె ఒక్క పొద్దు కూడా నవ్వలేదు. సూదుల విషయంలో ఆమెకి నవ్వు రాదు. ఎందుకు రాదో చెప్తే మీకూ రాదు.

ఆమె ఆంబూరులో ఒక చెప్పుల కంపెనీలో చేతికుట్టు మనిషి. మంచు పడే దేశాల్లో జనం ఇండ్లల్లో కూడా చెప్పులు వేసుకుంటారంట, అట్లాంటి మెత్త చెప్పులు అక్కడ కుడతారు. వాటికి వాడేది ఫెల్టు. ఉన్నిని అదిమి అదిమి అట్ట మాదిరి చేసిన గుడ్డ అది, నేత లేదు కాబట్టి యాడ కత్తిరించినా అంచు పీచు పోదు. ఆ కంపెనీలో సూదికి ఉండే మర్యాద మనిషికి లేదు. సూది విరిగితే లైను మొత్తం ఆగిపోవాల. ముక్కలన్నీ వెతికి పట్టి, పెద్ద పుస్తకంలో అంటించి, పక్కన సంతకం పెడితేనే కొత్త సూది ఇస్తారు. గంట కొట్టినప్పుడు చేతిలో ఉండే సూదిని బల్ల మీద పెట్టకూడదు, రవికకి గుచ్చుకోకూడదు. ఏ పీసు కుడతా ఉంటే ఆ పీసులోనే గుచ్చి లేవాల. తిరిగొచ్చి పీసు ఎత్తుకుంటే సూది దాంట్లోనే ఉంటాది. మంచి పద్ధతే. ఈ మంచి పద్ధతే ఆమె కొంప ముంచబోయింది, ఆ మాటకి తర్వాత వస్తాను.

పనిలో చేరిన మూడో ఏడు ఆమె చేతిలో సూది మొన విరిగింది. అప్పటి సూపర్‌వైజరు పార్థిబన్ అంటే అందరికీ హడల్. మొన కోసం కాళ్ళ కింద వెతికింది, దొరకలేదు, భయపడి ఎవురికీ చెప్పలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న సూదితో మిగిలింది కుట్టేసింది. పని దిగేటప్పుడు ఆమె చేతిలో కంపెనీది కాని సూదిని చూసినాడు పార్థిబన్. కట్టి పెట్టిన అట్టపెట్టెలన్నీ విప్పించినాడు. మర్నాడు మధ్యాన్నానికి దొరికింది మొన, ఒక పసిబిడ్డ చెప్పులో, బొటనవేలు దూరే చోట. పార్థిబన్ దాన్ని తన వేలికే ఆనించి నొక్కినాడు. నెత్తురు బొట్టు పైకి లేచింది. ఆ వేలు ఆమె మొహం ముందర పెట్టి, "ఇది ఆ బిడ్డ వేలు. బాగా చూడమ్మా" అన్నాడు. తిట్టింటే ఏడ్చి మరిచిపోయేది. ఆయన తిట్టలేదు, అందుకే అది ఆమె ఒంట్లో ఉండిపోయింది. ఇప్పుడు ఆ సెక్షన్‌లో సూదుల పుస్తకం రాసేది ఆమే. ఆడబిడ్డలంతా ఆమెను సూదులక్క అంటారు.

ఇంక క్రిస్మస్ బొమ్మల సంగతి. ఆమెకి ఒకడే కొడుకు, డానియల్. ఇప్పుడు కాట్పాడి స్టేషన్‌లో పార్సిలు మోయించే పనిలో ఉండాడు. వానికి ఆరేండ్లప్పుడు ఒళ్ళంతా వాచిపోయి, వేలూరులో ఒక పెద్దాసుపత్రిలో నలభై దినాలు పిల్లల వార్డులో పెట్టినారు. ఆ ఏడు క్రిస్మస్ అక్కడే గడిచింది. ఎవురో ముసలామె, పేరు కూడా చెప్పకుండా, మంచం మంచానికీ వచ్చి ఒక్కొక్క ఫెల్టు బొమ్మ కట్టి పోయింది. డానియల్‌కి పసుపు నక్షత్రం వచ్చింది. బిడ్డ దాన్ని విప్పుకోని, ఒక మొన నోట్లో పెట్టుకోని చప్పరిస్తా నిద్రపోయినాడు. సూది మందుకి ఏడ్చినప్పుడు కూడా అదే నోట్లో. ఇంటికి వచ్చేటప్పటికి ఆ మొన నలిగి నల్లబడింది. ఆ నక్షత్రం ఇప్పటికీ వాళ్ళ గోడ మీద ఏసు పటం కింద వేలాడతా ఉండాది, అయిదు మొనల్లో ఒకటి నమిలిన మొన.

డానియల్ బాగైన ఏడు నించి ఆమె మొక్కుకున్నట్టు ప్రతి క్రిస్మస్‌కీ ఆ వార్డు బిడ్డలకి బొమ్మలు కుట్టే ఈ పని చేస్తా ఉండాది. కంపెనీలో కత్తిరించి పారేసే ఫెల్టు ముక్కల్ని చీటీ రాయించుకోని, గేటు దగ్గర చూపించి మరీ తెచ్చుకుంటాది. దేన్నీ కొనదు. పాత రవికల పూసలు కండ్లవుతాయి, పట్టుచీర చింపిన జరీ అంచు తాడవుతాది. లోపల కూరేదానికి పక్కింటి కుప్పమ్మ ఇంట్లో లుంగీల మగ్గం కింద రాలే నూలు చెత్త. సర్దేదానికి అగ్గిపెట్టెల కంపెనీ అట్టడబ్బాలు. నక్షత్రాలు, గంటలు, మేజోళ్ళు, పిట్టలు. అన్నిట్లోకి పిల్లలు కొట్లాడుకునేది పిట్టల కోసమే. ఎర్ర ఒళ్ళు, పచ్చ రెక్క, పసుపు ముక్కు. ఈ ఏడు నలభై నాలుగు బొమ్మలు చేసింది, దాంట్లో పదకొండు పిట్టలు.

కుప్పమ్మకి డెబ్బై దాటింది. చర్చికి రాదు, మారియమ్మకి పొంగలి పెట్టే ఇల్లు వాళ్ళది. అయినా డిసెంబరు వస్తే పొద్దుగూకులూ కలైయరసి వాకిట్లోనే. ఒక కంటికి ఆపరేషన్ అయింది, ఇంకో కంట్లో పొర. చూపుకన్నా వేళ్ళతోనే ఎక్కువ కుడతాది. తన సూది తాను తెచ్చుకుంటాది, నడుము దగ్గర చిన్న డబ్బీలో. ఒకరి సూది ఒకరు వాడితే పోట్లాట వస్తాదని ఆమెకి నమ్మకం. ఇంకో నమ్మకం కూడా ఉండాది, నేతోళ్ళ ఇండ్లల్లో పుట్టి పెరిగిన నమ్మకం. దీపం పెట్టే పొద్దుకి ఏ పనీ నోరు తెరుచుకోని ఉండకూడదు. మగ్గం మీద వరస ముగించి గుడ్డ కప్పాల, కుట్టేది ఏదైనా ఉంటే మూసెయ్యాల. లేదంటే ఇంట్లో ఎవురికో కీడు.

ఆ శుక్రవారం సాయంత్రం మిగిలింది ఒక్క పిట్టే. పొట్టలో సగం నూలు కూరి, చుట్టూ కుడతా ఉన్నింది కలైయరసి. దారం అయిపోయింది. ఇంకో పోగు ఎక్కిద్దామని చూసేలోపల వీధి చివర కేకలు, కొళాయిలో నీళ్ళు వచ్చినాయని. నాలుగు దినాలకి ఒకసారి వచ్చే నీళ్ళు. లేచింది. లేచేటప్పుడు చెయ్యి తనంతట తానే కంపెనీ పని చేసింది: సూదిని పీసులోనే గుచ్చింది. చెప్పుకైతే గట్టి అట్ట, సూది నిలబడతాది. ఇది నూలు కూరిన పొట్ట. సూది నిలువుగా లోపలికి దిగిపోయింది, పట్టి లాగేదానికి పోగు కూడా లేదు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. బిందెలు ఎత్తుకోని పరిగెత్తింది.

ఆమె తిరిగొచ్చేటప్పటికి కుప్పమ్మ దీపం పెట్టేదానికి తన ఇంటికి పోయింది. నలభై నాలుగు బొమ్మలూ మూసి, వరసగా పేర్చి ఉన్నాయి. కొళాయి దగ్గర ఒకామెతో మాటా మాటా పెరిగి కలైయరసి తల వేడెక్కి ఉన్నింది. చర్చిలో ప్రార్థనకి టైమయింది, వాకిట్లో జెబరాజ్ హారను కొడతా ఉండాడు. 'అవ్వ ముగించి పెట్టింది, పుణ్యాత్మురాలు' అనుకోని బొమ్మల్ని డబ్బాలో సర్దింది. మేకు మీద దిండు వంక చూసింది కూడా. చూసి, వచ్చినాక ఎంచుదాంలే అనుకుంది. వచ్చినాక ఎంచలేదు. ఇరవై ఏండ్లల్లో అదొక్క పొద్దు.

శనివారం పొద్దన్నే వేలూరుకి బస్సెక్కింది. వార్డులో అప్పటికే కాగితాల తోరణాలు కట్టి ఉన్నారు. హేమమాలిని అనే నర్సు, అయిదేండ్లుగా తెలిసిన మనిషే, మంచం మంచానికీ కూడా వచ్చింది. పిట్టలు పదకొండూ ముందు అయిపోయినాయి. నాలుగో మంచం మీద పవిత్ర అని నాలుగేండ్ల పాప, నిమ్ము చేసి వారం దినాలుగా ఉందంట. వాళ్ళమ్మ పక్కన బిడ్డకి తెలుగులో బువ్వ తినమని చెప్తా ఉంటే, ఇంట్లో తెలుగే మాట్లాడే కలైయరసి ఆగిపోయింది.

"మీరు తెలుగోళ్ళా అమ్మా? మీది యాడ?"

"తొరపాడి అక్కా. పిండి మిల్లు పక్క సందు. మధ్యాన్నం ఇంటికి పంపించేస్తామన్నారు" అన్నింది ఆమె. పేరు ఉమామహేశ్వరి. బిడ్డ పిట్టను రెండు చేతుల్తో పట్టుకోని ముక్కు వాసన చూసింది. కలైయరసి పాప తల నిమిరి, కడుపు నిండిపోయినట్టు ఇంటికి వచ్చింది.

మధ్యాన్నం ఒంటిగంట. జెబరాజ్ చొక్కా గుండీ ఊడింది, కుడదామని దిండు దించింది. అలవాటుగా వేలు పెట్టి ఎంచింది. ఆరు.

మళ్ళీ ఎంచింది. ఆరు. దిండు తిప్పి చూసింది, వేళ్ళతో నొక్కి చూసింది, లోపలికి దిగిందేమో అని ఒక పక్క కుట్టు కూడా విప్పింది. ఆరే. చాప దులిపింది, చీపురు పెట్టకుండా మోకాళ్ళ మీద కూర్చోని అరచెయ్యితో నేలంతా తడిమింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి, కొళాయి కేకలు, తన చెయ్యి, పిట్ట పొట్ట. ఇంకా ఒక్క ఆశ ఉన్నింది. అవ్వ ఆ సూదితోనే మూసి, తర్వాత దాన్ని యాడో పెట్టి ఉంటాది.

కుప్పమ్మ తన వాకిట్లో చింతపండు గింజలు తీస్తా ఉన్నింది.

"అవ్వా, నిన్న ఆ కడాపటి పిట్టను ఏ సూదితో మూసినావు?"

"నా సూదితోనేమ్మా, ఇదో" అని నడుము దగ్గర డబ్బీ తీసి చూపించింది. "పొట్ట తెరుచుకోని పడి ఉన్నింది. దీపం పెట్టే పొద్దాయె. అట్లే విడిస్తే మంచిది కాదని గబగబా మూసేసినాను. బాగా రాలేదా?"

కలైయరసి డబ్బీలో సూదిని చూసింది. అవ్వ తప్పు ఏముండాది దీంట్లో? ఆమె పద్ధతి ప్రకారం ఆమె మంచే చేసింది, తన పద్ధతి ప్రకారం తాను మంచే చేసింది. రెండు మంచి పనులూ కలిసి ఒక బిడ్డ చేతికి సూది ఇచ్చినాయి.

"బాగానే వచ్చిందవ్వా. ఊరికే అడిగినాను" అన్నింది. ముసలామె ఆ కండ్లతో మొహం చూడలేదు కాబట్టి సరిపోయింది.

అన్నానికి వచ్చిన జెబరాజ్‌కి చెప్పింది. ఈసారి ఆయన ఎగతాళి చెయ్యలేదు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసినాడు.

"ఊరుకో కలై. అంత నూలు మధ్యలో ఉండేది బయటికి ఎట్ల వస్తాది? నువ్వు పోయి చెప్పినావనుకో, నువ్వే గుచ్చి పెట్టినావంటారు. పోలీసుల దాకా పోతాది. నీ ఉద్యోగం సూదుల పుస్తకం మీద ఉండాది, కంపెనీకి తెలిస్తే ఏమైతాది? మనం పోయే చర్చి పేరు కూడా పోతాది."

ఆయన చెప్పింది అంతా నిజమే, అదే ఆమెను ఇంకా భయపెట్టింది. ఊరుకుంటే సరిపోతాదేమో అని ఆమెకి నిజంగా అనిపించింది. అబద్ధం చెప్పడమెందుకు, ఒక అరగడియ సేపు ఆమె ఊరుకుందామనే అనుకుంది. వెనక ఒకసారి ఊరుకున్నట్టే. గోడకి ఆనుకోని కూర్చుంది. కూర్చున్న చోటికి ఎదురుగా డానియల్ నక్షత్రం. నమిలిన మొన నల్లగా కనిపిస్తా ఉన్నింది. బిడ్డలు బొమ్మను గోడకి తగిలించుకోని చూడరు. నోట్లో పెట్టుకుంటారు. అది ఆమెకన్నా ఎవురికి బాగా తెలుసు?

"నేను పోతాను" అని లేచింది.

జెబరాజ్ వద్దనలేదు. చెయ్యి కడుక్కోని, అటక మీద చెడిపోయి పడి ఉన్న రేడియో దించి, స్క్రూలు విప్పి, స్పీకరు వెనక ఉండే గుండ్రటి అయస్కాంతం పెకలించి ఆమె చేతిలో పెట్టినాడు. ఆమె ఒక సూదిని నూలు ఉండలో దాచి పరీక్ష చేసింది. అయస్కాంతం దగ్గరికి తెస్తానే ఉండ ఎగిరి అంటుకుంది. ఆయన ఆటోలోనే బస్టాండుకి తీసుకుపోయి దించినాడు.

బస్సు గంట సేపు పోయింది. ఆ గంట ఎట్ల గడిచిందో ఆమెనే అడగాల. పదకొండు పిట్టలు, పదకొండు మంది బిడ్డలు, ఒక్కొక్క మొహమూ వరసగా కండ్ల ముందరికి వచ్చింది. ఒకడు పిట్టను చెంపకి రుద్దుకున్నాడు. ఒకతి తలగడ కింద పెట్టుకుంది. ఒక చంటిబిడ్డకి ఇంకా పండ్లు కూడా రాలేదు, వాళ్ళమ్మ నవ్వతా పిట్ట ముక్కును బిడ్డ పెదాలకి తాకించింది. పక్కసీటు ఆమె జామకాయ ముక్క ఇస్తే కలైయరసి తల అడ్డంగా ఊపింది. కండ్లు మూసుకోని ప్రార్థన మొదలుపెట్టింది. 'దేవా, నోట్లో వద్దు, నోట్లో మాత్రం వద్దు' అని ఇదొక్కటే తిరిగి తిరిగి వచ్చింది.

వార్డులో హేమమాలిని ఆమెను చూసి ఏదో మరిచిపోయినారా అక్కా అని తమిళంలో నవ్వతా అడిగింది. కలైయరసి చెప్పింది. చుట్టూ తిప్పకుండా చెప్పింది, తిప్పేదానికి శక్తి లేదు. నర్సు మొహంలో నవ్వు చచ్చిపోయింది. వెంటనే లేచి మంచం మంచానికీ పోయి పిట్టల్ని తీసుకుంది. బిడ్డలు గోల పెట్టినారు. ఏడుస్తా ఉండే బిడ్డల చేతుల్లోంచి తాను ఇచ్చిన బొమ్మల్ని లాగేసుకోవడం చూస్తా నిలబడింది కలైయరసి.

బల్ల మీద పిట్టల్ని పెట్టి ఒక్కొక్క దాని మీదా అయస్కాంతం తిప్పింది. ఒకటి, కదలలేదు. రెండు. పండ్లు రాని చంటిబిడ్డ పిట్ట మూడోది, దాన్ని నాలుగుసార్లు చూసింది, కదలలేదు. ఏడు, ఎనిమిది. ప్రతి పిట్టకీ ఒక బిడ్డ గండం గడిచినట్టు, మిగిలిన బిడ్డలకి అంత దగ్గరైనట్టు. పదోది కూడా కదలలేదు.

"ఇంకొకటి?" అన్నింది.

నర్సు నాలుగో మంచం వంక చూసింది. దుప్పటి మార్చి ఖాళీగా ఉండాది. "పన్నెండు గంటలకే పంపించేసినాం."

హేమమాలిని రిజిస్టరు తీసి ఫోన్ చేసింది. మోగతా ఉండాది, ఎత్తేవాళ్ళు లేరు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. "నేను చేస్తానే ఉంటాను, అడ్రస్ మాత్రం మేము ఇయ్యకూడదక్కా" అన్నింది.

"నాకు తెలుసు. పిండి మిల్లు పక్క సందు" అన్నింది కలైయరసి. పొద్దున్న భాష కలిసిందని అడిగిన మాట అది.

ఆమె తలుపు దాటతా ఉంటే నర్సు మిగిలిన నక్షత్రాల్ని, గంటల్ని కూడా డబ్బాలో వేసి బీరువాలో పెట్టి తాళం వేసింది. "ఇంక ఇవి వద్దక్కా" అన్నింది, కోపంగా కూడా కాదు. కలైయరసి సరేనన్నట్టు తల ఊపింది. పందొమ్మిదేండ్ల మొక్కు అట్ల ముగిసింది, కానీ ఏడ్చేదానికి ఆమెకి అప్పుడు తీరిక లేదు.

ఆటోలో తొరపాడి చేరేటప్పటికి పొద్దు వాలతా ఉన్నింది. పిండి మిల్లు ఆడతా ఉంది, ఆ మోతలో ఫోన్ వినపడకపోవడంలో వింత లేదు. సందు మొదట్లో అడిగితే నీలం తలుపు ఇల్లు అన్నారు. రెండడుగులు వేసిందో లేదో ఆ నీలం తలుపు లోపల నించి బిడ్డ ఏడుపు వినిపించింది. మామూలు ఏడుపు కాదు, గుక్కపట్టిన ఏడుపు. కలైయరసి చెప్పులు యాడ విడిచిందో తెలియకుండా లోపలికి పోయింది.

ఉమామహేశ్వరి ఒళ్ళో బిడ్డను అదిమి పట్టుకోని చెంచాతో మందు పోస్తా ఉంది. బిడ్డ చేదుకి ఏడుస్తా ఉంది. "అక్కా, మీరా? రాండి రాండి, ఇంటికే వచ్చినారే" అని ఆమె మొహం వెలిగింది. మందు మింగిన బిడ్డ ఎక్కిళ్ళ మధ్య చేతిలో ఎర్ర పిట్టను నోటి దగ్గరికి ఎత్తింది.

కలైయరసి ఒక్క ఉరుకున పోయి పిట్టను లాక్కుంది. బిడ్డ బిత్తరపోయి, వెంటనే గొల్లుమంది. తల్లి లేచి నిలబడింది. "ఏమక్కా ఇది?"

కలైయరసి అయస్కాంతం దగ్గరికి తెచ్చింది. పిట్ట టక్కున దానికి అంటుకుంది.

రెక్క కింద చూసింది. సూది మొన బియ్యపుగింజంత బయటికి వచ్చి ఉన్నింది.

చెప్పింది. తల్లి వినింది. వింటానే బిడ్డ నోరు తెరిచి వేలు పెట్టి చూసింది, నాలుక, చిగుళ్ళు, బుగ్గల లోపల. ఏమీ లేదు. తర్వాత గడ్డం పట్టుకోని వెలుతురు వైపు తిప్పింది. గడ్డం కింద రెండు ఎర్ర చుక్కలు ఉన్నాయి.

"దోమ కుట్టిందనుకున్నాను" అన్నింది ఉమామహేశ్వరి మెల్లగా. "కొబ్బరినూనె పూసినాను."

తిడతాదని, కొడతాదని, ఇరుగుపొరుగును పిలుస్తాదని కలైయరసి ఎదురు చూసింది. ఏది జరిగినా ఇప్పుడు ఆమెకి సమ్మతమే.

"ఎవురు మూసినారు దీన్ని?"

కుప్పమ్మ పొర కమ్మిన కన్ను, నడుము దగ్గర డబ్బీ గుర్తొచ్చినాయి ఆమెకి. "నేనే" అన్నింది.

"నీకు బిడ్డలు లేరా?"

"ఒకడు ఉండాడమ్మా. వాడూ ఆరేండ్లప్పుడు ఆ వార్డులోనే ఉన్నాడు."

బిడ్డ చేతులు చాపి పిట్ట, పిట్ట అని ఏడుస్తానే ఉంది. వేరే బొమ్మ ఇచ్చినారు, విసిరికొట్టింది. కడాకి ఉమామహేశ్వరి పోయి అలమరలోంచి దారం ఉండ, కత్తెర తెచ్చి కలైయరసి ముందర పెట్టింది. "విప్పు. నా ముందరే విప్పి, నా ముందరే కుట్టు" అన్నింది. లైటు వేసి, ఎదురుగా బాసింపట్లు వేసుకోని కూర్చుంది.

కలైయరసి అవ్వ కుట్టు విప్పింది. చూపు లేని చేతి కుట్టు, ఎంత గట్టిగా వేసిందో. నూలంతా బయటికి తీసి పోగు పోగుగా విడదీసి చూపించింది. మళ్ళీ కూరింది. కుట్టేదానికి వేరే సూది లేదు, ఆ ఏడో సూదికే దారం ఎక్కించింది. రెండుసార్లు దారం తప్పింది. బొటనవేల్లో గుచ్చుకుంది, నెత్తురు బొట్టు లేచింది, పిట్టకి అంటకుండా కొంగుకి తుడుచుకోని కుట్టు ముగించింది. బయట పక్కింటోళ్ళు దీపం పెట్టి గంట ఆడిస్తా ఉన్నారు.

"సూది చూపించు" అన్నింది తల్లి.

అరచెయ్యి చాపి చూపించింది. ఏండ్ల తరబడి కంపెనీలో ఆడబిడ్డల్ని తాను అడిగే మాట అది, అదే గొంతుతో.

ఉమామహేశ్వరి అయస్కాంతం తన చేతికి తీసుకోని పిట్ట మీద ఒకసారి తిప్పింది. రెండోసారి వెనక నించి తిప్పింది. మూడోసారి ముక్కు నించి తోక దాకా మెల్లగా జరిపింది. పిట్ట కదలలేదు. అప్పుడు బిడ్డ చేతికి ఇచ్చింది. పవిత్ర ఏడుపు ఆపి, ముక్కు ఎగబీలుస్తా, పిట్ట పసుపు ముక్కును తిన్నగా నోట్లో పెట్టుకుంది.

ఇద్దరి చేతులూ ఒకేసారి ముందుకి పోయినాయి. బిడ్డ నోటికి జానెడు దూరంలో రెండూ ఆగినాయి. కలైయరసి రెండో చేతి గుప్పిట్లో ఏడో సూది భద్రంగా ఉన్నింది, అది ఆమెకి తెలుస్తానే ఉంది. అయినా ముందుకి పోయిన చేతిని వెనక్కి తీసుకునేదానికి ఆమెకి ధైర్యం రాలేదు.